క్వార్టర్ ఫైనల్ రోజున షికులు

ఆరో జత మేజోళ్లను తిరగేసి, మడమ దగ్గర బొటనవేలితో రుద్దుతూ షికులు ఆగాడు. నురగ రావడం లేదు. అదే సబ్బు, అదే చెయ్యి. ఇంటి దగ్గరైతే ఈపాటికి బకెట్ పొంగిపోయేది. వేలు నీళ్లలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. సముద్రం నేల కింద నుంచి ఈ హోటల్ కుళాయి దాకా ఎలా నడిచి వచ్చిందా అని కాసేపు బకెట్‌లోకే చూస్తూ కూర్చున్నాడు.

అతని అసలు పేరు లైటన్ కపాంబ్వె. షికులు అంటే తాత. జాంబియా ఫుట్‌బాల్ జట్టులో కుర్రాళ్లంతా అలాగే పిలుస్తారు గనుక కోచ్ కూడా అలాగే పిలుస్తాడు. అరవై రెండేళ్ల పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం తాడు పేనినట్టు గట్టిగా ఉంటాయి. పద్దెనిమిదేళ్లు లువాన్‌ష్యా రాగి గనిలో కార్మికుల బట్టలు ఉతికాడు. గని మూతపడ్డాక జాతీయ జట్టు బట్టలు ఉతకడానికి వచ్చి ఇరవై ఏడేళ్లయింది. గోళ్లు నీళ్లకు నాని నాని లోపలికి వంగిపోయాయి.

ఈ ఆఫ్రికా కప్పులో జట్టు ఎలా ఆడిందో అతనికి బట్టలే చెప్పాయి. మొదటి ఆట తర్వాత చొక్కాల వీపుల మీద తెల్లటి ఉప్పు చారలు. అంటే బంతి దొరక్క తెగ పరిగెత్తారు, ఓడారు. రెండో ఆటకి మోకాళ్ల దాకా బురద. వాన, సమం. మూడో ఆటకి అందరి భుజాల మీదా పచ్చిక మరకలు. ఒకరి మీద ఒకరు పడి దొర్లారన్నమాట, గెలిచారు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ఉత్తరాఫ్రికా జట్టుతో క్వార్టర్ ఫైనల్.

అయితే ఒక్క ఆట కూడా అతను కళ్లతో చూడలేదు. ఆట జరుగుతున్నంతసేపూ లోపలి బూట్ల గదిలోనే ఉండేవాడు. ఆరిన చొక్కాలు మడతపెట్టాలి, విరిగిన బూటు మేకులు మార్చాలి, సగం ఆటకి నీళ్లు, తువ్వాళ్లు సిద్ధం చెయ్యాలి. గోడ అవతలి అరుపుల్ని బట్టి ఏం జరిగిందో ఊహించేవాడు. తర్వాత కుర్రాళ్లను ఒక్కొక్కణ్ణీ పట్టుకుని అడిగి సరిచూసుకునేవాడు.

"తాతా, ఇంకా ఆ మేజోళ్లతోనే కుస్తీయా?" అంటూ గోల్‌కీపర్ ముయుందా వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు. తలుపులో పట్టనంత పొడుగు.

"నీ ఎడమకాలి మేజోడే ముందు ఎందుకు చిరుగుతుందిరా? కుడిది కొత్తదానిలా ఉంటోంది."

"ఎడమ కాలితో నేల గీకుతాను. పెనాల్టీ వచ్చినప్పుడు."

"ఎందుకు గీకడం?"

"పడవ ఒడ్డు నుంచి నెట్టేటప్పుడు మా నాన్న అలాగే గీకుతాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నీలాగా అందరూ అన్నీ అడుగుతారా ఏంటి?"

వాళ్ల నాన్న మోంగు దగ్గర జాంబెజి వరద మైదానంలో చేపలు పట్టేవాడు. రెండు నెలలుగా ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నాడు. మంచం పక్కనే రేడియో. మూడు ఆటలూ అందులోనే విన్నాడు.

"రాత్రి మాట్లాడావా?"

"మాట్లాడాను. ఆయనకి ఆట సంగతి పట్టనే లేదు. సముద్రంలో చేప ఎలా ఉంటుంది, దానికి ముళ్లు ఎన్ని అని ఒకటే గోల. నిన్నూ ఆయన్నీ ఒకచోట కూర్చోబెడితే సరిపోయేది." ముయుందా నవ్వుతూ లేచి, తలుపు చట్రానికి నుదురు కొట్టుకోకుండా వంగి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం స్టేడియం దగ్గర బస్సు దిగగానే షికులు గుడ్డసంచి తెరిచి పట్టుకున్నాడు. ఆటకు ముందు ఫోన్లన్నీ అందులో వెయ్యాలని కోచ్ నియమం. ఒక్కొక్కటే పడ్డాయి. ముయుందా ఫోన్ అద్దం మూల పగిలి ఉంది. జట్టు మైదానంలోకి వెళ్లింది. గది నిశ్శబ్దమైంది. షికులు తువ్వాళ్లు పేర్చడం మొదలుపెట్టాడు.

పావుగంట గడిచాక సంచి వణికింది. ఆగి, మళ్లీ వణికింది. మామూలుగా అయితే అతను పట్టించుకోడు. కానీ నాలుగోసారికి ఉండబట్టలేక సంచిలో చెయ్యి పెట్టాడు. అద్దం పగిలిన ఫోన్. తెర మీద 'నాలుకుయి అక్క' అని ఉంది. అంతకు ముందు మూడుసార్లూ ఆమే చేసింది.

ఎత్తాడు.

"ముయుందా?"

"కాదమ్మా. షికులుని, జట్టు బట్టలు చూసేవాణ్ణి. వాడు మైదానంలో ఉన్నాడు."

"మీరేనా? మీ గురించి చెబుతుంటాడు," అందామె. "నాన్న పోయాడండీ. పొద్దున తొమ్మిదిన్నరకి. రేడియోలో కొత్త బ్యాటరీలు వేయించుకుని, అటు తిరిగి పడుకున్నాడు. అంతే. ఆట అయ్యేదాకా వాడికి చెప్పొద్దని బాబాయ్ ఒట్టు వేయించుకున్నాడు. పగలంతా ఆగాను. ఇక నా వల్ల కావడం లేదు. ఎవరో ఒకరికి చెప్పాలి."

"నాకు చెప్పావుగా, తల్లీ."

"వాడికి చెబుతారా?"

"తెలీదమ్మా," అన్నాడు షికులు. నిజంగానే తెలీదు.

ఫోన్ సంచిలో పెట్టి బల్ల మీద కూర్చున్నాడు. బయట స్టేడియం ఒక్కసారిగా 'ఓ' అని, చప్పగా ఆగింది. బంతి పక్కకు పోయింది.

అతని తల్లి పోయినప్పుడు అతను జట్టుతో పరాయి దేశంలో ఉన్నాడు. తమ్ముడి పని చెడుతుందని వాళ్ల అన్న కబురు పంపలేదు. నాలుగో రోజు తిరిగొస్తే, బస్టాండులోనే చెప్పాడు, పాతిపెట్టడం కూడా అయిపోయిందని. మంచికే చేస్తున్నాననుకున్నాడు ఆ అన్న. తల్లిని ఆఖరిసారి చూడలేదన్న బాధ కాలంతో పాటు తగ్గింది. తగ్గనిది వేరే ఉంది. ఆ నాలుగు రోజులూ తను జోకులు వేశాడు, కడుపునిండా షిమా సంకటి తిన్నాడు, బస్సులో అందరికంటే గట్టిగా పాడాడు. అమ్మ లేదని లోకంలో అందరికీ తెలిసి, తనొక్కడికే తెలియని నాలుగు రోజులు. అవి తనవి కావనిపించేది. ఎవరో తన చొక్కా తొడుక్కుని తిరిగినట్టు.

మరి చెబితే? ఇంత పరిగెత్తి ఇక్కడిదాకా వచ్చిన ఈ పిల్లలంతా వాడి చేతుల మీద ఆధారపడి ఉన్నారు.

సగం ఆటకి ఇంకా ఒక్క గోలూ పడలేదు. కోచ్ బోర్డు ముందు నిలబడి గీతలు గీస్తున్నాడు. చొక్కా మార్చుకోవడానికి ముయుందా బూట్ల గదిలోకి వచ్చాడు. షికులు పొడి చొక్కా అందించాడు. వాడు తల దూర్చి బయటికి తీసేదాకా ఆగాడు.

"మీ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను. కబురు నా దగ్గరుంది. ఇప్పుడు చెప్పమంటే చెబుతాను, తర్వాతంటే తర్వాత. నీ ఇష్టం. నీ దగ్గర దాచానని మాత్రం రేపు అనుకోవద్దు."

ముయుందా చేతులు చొక్కా అంచు దగ్గరే ఆగిపోయాయి.

"మాట్లాడింది నాన్నా?"

"కాదు. మీ అక్క."

వాడు తాత ముఖంలోకి చూడలేదు. గోడకు వేలాడుతున్న బూట్లవైపు చూశాడు. బయట కోచ్ ఎవరినో కేకేశాడు.

"తర్వాత చెప్పు, తాతా," అని వెళ్లిపోయాడు.

షికులు తువ్వాళ్లు మడత పెట్టబోయాడు. సగంలోనే వదిలేశాడు. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి గది వదిలి, సొరంగంలాంటి దారిలో నడిచి, వెలుగు దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్లూ చెవులతో చూసిన ఆట కళ్లకు చాలా చిన్నగా కనిపించింది. ఎక్కువసేపు ఎవరూ ఏమీ చెయ్యడం లేదు. నడుస్తున్నారు, నడుం మీద చేతులు పెట్టుకుంటున్నారు, ఉమ్ముతున్నారు. అక్కడ, అన్నిటికంటే దూరంగా, రెండు కర్రల మధ్య ఆ పొడుగాటి కుర్రాడు ఒంటరిగా ఉన్నాడు. గోల్‌కీపర్ ఇంత ఒంటరిగా ఉంటాడని ఎవరూ తనకు చెప్పనేలేదే అనుకున్నాడు షికులు. తను అడగనూ లేదు.

ఉత్తరాది వాళ్లు రెండుసార్లు మీదికొచ్చారు. మొదటిది ముయుందా ఛాతీకి తగిలి ఆగింది. రెండోదానికి గాల్లో పక్కకు సాగి, వేలి కొసలతో బయటికి తోశాడు. లేచి నిలబడి చప్పట్లు కొట్టలేదు, ఎవరి మీదా అరవలేదు. ఆఖర్లో మనవాళ్ల కార్నర్ కిక్‌లో బంతి ఎవరి తొడకో తగిలి లోపలికి దొర్లింది. ఎవరి తొడో షికులుకి అర్థమయ్యేలోపే ఆట అయిపోయింది. ఒకటి, సున్నా. సెమీఫైనల్.

గదిలో పాట అందుకున్నారు. బెంచీలు డప్పులయ్యాయి. ముయుందా నేరుగా బూట్ల గదిలోకి వచ్చి తలుపు మూశాడు.

"చెప్పు."

షికులు చెప్పాడు. తొమ్మిదిన్నర అనీ, కొత్త బ్యాటరీలనీ, అటు తిరిగి పడుకున్నాడనీ. ఒక్క ముక్క వదల్లేదు, ఒక్క ముక్క కలపలేదు.

ముయుందా బెంచీ మీద కూలబడ్డాడు. తలుపు అవతల పాట రెండో చరణానికి వచ్చింది. "ఆట మొదలయ్యేసరికే లేడన్నమాట," అన్నాడు. "వింటున్నాడనుకునే ఆడాను, తాతా."

"రెండో సగం కూడానా?"

"రెండో సగం... నువ్వు చెప్పావుగా. నాకు తెలిసిపోయింది. అది ఎవరి కోసం ఆడానో నాకే తెలీదు."

షికులు నాలుక మీదికి ఇంకో ప్రశ్న వచ్చింది. మింగేశాడు. వాడి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. చెమటతో తడిసిన ఆ చొక్కా కింద వీపు చాలాసేపు కదిలింది.

కోచ్ వచ్చి, కౌగిలించుకుని వెళ్లాడు. తమ దేశ రాజధానికి రాత్రి తొమ్మిదింటికి విమానం ఉంది. సెమీఫైనల్‌కి రెండో కీపర్ నిలబడతాడు. షికులు వాడి సామాను సర్ది, కత్తెర తెచ్చి, వేళ్లకూ మణికట్టుకూ చుట్టిన తెల్ల పట్టీలు కత్తిరించాడు. పట్టీ కింద చర్మం అప్పుడే పుట్టిన బిడ్డదిలా ముడతలు పడి ఉంది.

"మీ నాన్నకి నా..." అని మొదలుపెట్టి, ఆపి, "చలి వేస్తుంది, ఇది వేసుకో," అని తన కోటు ఇచ్చాడు. ముయుందాకి దాని చేతులు మోచేతుల దాకే వచ్చాయి. అయినా విప్పలేదు. అలాగే కారెక్కాడు.

పొద్దు వాలుతోంది. పాడుతూ బస్సు వైపు వెళ్లినవాళ్ల గొంతులు దూరమయ్యాయి. షికులు మురికి చొక్కాలన్నీ మూటకట్టి, ఆఖరిసారి బూట్ల గదిలోకి తొంగిచూశాడు. బెంచీ మీద, కత్తిరించిన చోట కాస్త నోరు తెరుచుకుని, లోపల మణికట్టు ఉన్నట్టే గుండ్రంగా, తెల్ల పట్టీ ఒకటి నిలబడి ఉంది.