జయపాల్ పన్ను

రెబ్కా కుప్ప ముందు చతికిలబడి మిరపకాయలకు ముచ్చికలు తీస్తూనే ఉంది. ముక్కుకీ మూతికీ పాత చీరముక్క బిగించి కట్టింది. గుంటూరు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఆడవాళ్లంతా అంతే, కళ్లు తప్ప మొహం కనబడదు. ఘాటుకి ఒకామె తుమ్మితే వరసంతా అందుకుంటుంది. రోజూ ఆ తుమ్ములకే పడీ పడీ నవ్వే రెబ్కా ఇవాళ నవ్వలేదు. మధ్యాహ్నం ఆమె కూతురు ఫెబా ముందుపన్ను పీకించుకోబోతోంది.

పుచ్చిపోయిన పన్నా? అయ్యో, అదీ కాదు. నిక్షేపంలాంటి పన్ను. పక్కదాని మీదికి ఎక్కి కూర్చుంది, అంతే దాని నేరం. వాళ్ల నాన్న జయపాల్‌దీ అచ్చం అలాగే ఉండేది. మిర్చి యార్డులో బస్తాలు మోసిన ఆ మనిషి పోయి ఆరేళ్లయింది. ఫోటోలున్నాయి గానీ, అన్నింట్లోనూ మూతి బిగించుకునే ఉంటాడు మహానుభావుడు. ఆయన నవ్వు చూడాలంటే రెబ్కాకి కూతురి నవ్వొక్కటే దిక్కు. ఆ మాట ఫెబాకి ఎన్నడూ చెప్పలేదు, సిగ్గేసి.

డాక్టరు రెండు దారులూ చెప్పాడు. క్లిప్పులేస్తే ఏడాదిన్నరకి పన్ను దారికొస్తుంది, సొంతది నిలుస్తుంది. పీకి కట్టుడుపన్ను పెడితే పూటలో పని అయిపోతుంది. "గట్టి పన్నమ్మా, నన్నడిగితే క్లిప్పులే," అన్నాడు.

"క్లిప్పులేయించుకోవే తల్లీ, నీ పన్ను నీకుంటుంది," అని రెబ్కా నిన్నంతా పోరింది.

"ఎల్లుండే ఒంగోలు నగల కొట్లో చేరాలమ్మా. నోట్లో తీగలేసుకుంటే కౌంటర్లో నిలబడనిస్తారా? మూతికి గుడ్డ కట్టుకుని చేసే పని కాదు నాది," అంది ఫెబా.

తెల్లారి రెబ్కా మళ్లీ ఆ గుడ్డే కట్టుకుని పనికొచ్చింది.

మేస్త్రీని బతిమాలుకుని ఆసుపత్రికి పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. ఫెబా దూది కొరుక్కుని, కళ్లనీళ్లు పెట్టుకుని కూర్చుంది. అమ్మని చూడగానే మొహం ముందుకు చాచింది. రెబ్కా చెయ్యెత్తి ఆగిపోయింది. ఎంత సబ్బేసి రుద్దినా ఆ వేళ్ల కారం పోదు. పసిదానిగా ఉన్నప్పుడూ ఆ బుగ్గల్ని తనివితీరా నిమిరింది లేదు. మోచేత్తోనే తలని దగ్గరికి లాక్కుంది.

"అది మీ నాన్న పన్నే," అంది, ఇక ఉండబట్టలేక. "ఆయన నవ్వు నీ దగ్గరే చూసుకుంటున్నానే."

ఫెబా దూది తీసేసి తల్లి వంక చూసింది.

"ముందే చెప్పొద్దా అమ్మా!"

సాయంత్రం కట్టుడుపన్నుతో ఒంగోలు బస్సెక్కి, కిటికీలోంచి నవ్వింది ఫెబా. పళ్లు తీర్చిదిద్దినట్టున్నాయి. ఎవరో పరాయిపిల్ల నవ్వింది. "జాగ్రత్తే, వేళకి తిను," అంటూ చెయ్యూపింది రెబ్కా. బస్సు మలుపు తిరిగాక, జయపాల్ మళ్లీ పోయినట్టనిపించి, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా భోరుమంది.

ఇంటికొచ్చి కొంగుముడి విప్పింది. పాలపన్నయితే కొత్తది రమ్మని ఇంటికప్పు మీదికి విసురుతారు. దీన్నేం చేయాలో ఎవరిని అడుగుతుంది? కిటికీ గూట్లో, నర్సు చుట్టిచ్చిన తెల్లగుడ్డ మీద, పొడుగాటి వేరుతో, మచ్చయినా లేని పన్ను.