ఇరవై నాలుగో సంతకం

వెర్లిన్‌కు దేవుడంటే నమ్మకం లేదు, జడ్జి అంటే మాత్రం మహా నమ్మకం. తాగి బండి నడిపినందుకు జైలా, లేక చర్చిలో జరిగే తాగుడు మాన్పించే మీటింగులా అని ఆయన అడిగితే రెండోదానికే తలూపాడు. ఇరవై నాలుగు శనివారాలు, కోర్టు కాగితం మీద ఇరవై నాలుగు పాస్టర్ సంతకాలు. ఒక్కటి తగ్గినా నెల రోజులు లోపల. వచ్చే శనివారమే కూతురు రోవీనా పెళ్లి. చెయ్యి పట్టుకుని పెళ్లికొడుకు దాకా నడిపించాల్సింది తనే.

ఇరవై మూడు అయ్యాయి. తాగుడు నిజంగానే మానేశాడు గానీ, అక్కడి పద్ధతులే వెర్లిన్‌కు గిట్టేవి కావు. ఎవరైనా లేచి పేరు చెప్పుకుని "నేను తాగుబోతుని" అంటే, గదంతా ఆ పేరు పెట్టి "హలో" అనాలి. వెర్లిన్ పెదవులు కదిపి సరిపెట్టేవాడు.

ఆఖరి శనివారం కెంటకీ కొండల్లో మోకాలి లోతు మంచు పడింది. పొద్దున పదింటికి చర్చి కింది గదిలో పాస్టర్ లొరెట్టా, వెర్లిన్, కాఫీ కూజా. అంతే.

"సంతకం పెట్టెయ్యండి పాస్టరమ్మా. మూడు మైళ్లు నడిచొచ్చా."

"మీటింగంటే కనీసం ఇద్దరు తాగుబోతులుండాలి నాయనా. నేను జన్మలో చుక్క ముట్టలేదు."

"ఇప్పుడు ముట్టండి, పుణ్యముంటుంది."

ఆమె నవ్వింది గానీ పెన్ను తియ్యలేదు. వెర్లిన్ కాగితం ఆమె ముందుకు జరిపాడు.

అంతలో తలుపు తోసుకుని ఓరిన్ వచ్చాడు. వెర్లిన్‌ను రోడ్డు మీద పట్టుకుని కోర్టుకెక్కించిన పోలీసు అతనే.

"మీటింగ్ జరుగుతుందో లేదో చూసి రమ్మన్నారు కోర్టువాళ్లు. ఏంటి, ఎవరూ లేరు?"

"ఇద్దరుండాలంట, ఒక్కణ్ణే ఉన్నా. నీ కళ్లు చల్లబడ్డాయా?" అన్నాడు వెర్లిన్.

ఓరిన్ టోపీ తీశాడు. బ్యాడ్జి కూడా ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"పదకొండేళ్లుగా పక్క జిల్లాలో మీటింగులకి పోతున్నా. ఇక్కడైతే ఊరందరికీ తెలుస్తుందని." కుర్చీల ముందుకొచ్చి నిలబడ్డాడు. "నా పేరు ఓరిన్. నేను తాగుబోతుని."

జవాబు చెప్పాల్సింది ఒక్కడే. వెర్లిన్ లేచి నిలబడి, రాని వాళ్లందరి బదులూ తనే "హలో ఓరిన్" అని గది దద్దరిల్లేలా అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముఖమంతా నవ్వే.

గంట గడిచాక లొరెట్టా పెన్ను మూత తీసింది.

"వచ్చే శనివారం నేను రాలేను పాస్టరమ్మా, పెళ్లి ఉంది," అన్నాడు వెర్లిన్. కాగితం మడుస్తూ ఓరిన్ వైపు తిరిగాడు. "నువ్వూ రావాలి. అందరూ మందు గ్లాసులెత్తినప్పుడు కాఫీ ఎత్తడానికి నాకో తోడు కావాలి."