ఇరవైమూడు కిలోల పెట్టె

కలరా ఉండల వాసన.

పెట్టె మూత తీయగానే గదంతా పరుచుకుంది. కిటికీ తెరిచాను. బయట సన్నగా వాన. వాన వాసన లోపలికొచ్చింది గానీ, ఈ వాసన బయటికి పోలేదు.

మంచం మీద బట్టలు. కుర్చీ మీద బట్టలు. నేల మీద బట్టలు... వాటి మధ్య బాసింపట్టు వేసుకుని నా చెల్లెలు.

తొమ్మిది నెలలు. పదకొండు ఊళ్ళు. అన్నీ సముద్రానికి అవతలివే.

వెళ్ళేది అది. సర్దేది నేను.

మేమిద్దరం ఒకే నాటక సమాజంలో, దుస్తుల గదిలో పనిచేస్తాం. నేను పంతొమ్మిదేళ్ళుగా. అది ఆరేళ్ళుగా. సూదిలో దారం ఎక్కించడం దానికి నేర్పింది నేను. తెర వెనక, దృశ్యానికీ దృశ్యానికీ మధ్య దొరికే నలభై సెకన్లలో రాణిని బిచ్చగత్తెగా మార్చడం నేర్పిందీ నేనే. లోపల ప్రెస్ బటన్లు కుట్టు, పైన ఉత్తుత్తి గుండీలు పెట్టు — అని చెప్పిందీ నేనే.

అక్కడ దాన్ని తూనీగ అంటారు. ఒక్కచోట వాలదు కదా.

నన్ను గుండీ అంటారు. కుట్టినచోటే ఉంటానట.

నవ్వుతూనే అంటారు. నేనూ నవ్వుతాను.

సమాజం విదేశాలకు వెళుతోందనీ, దుస్తుల గది నుంచి ఒక్కరికే చోటుందనీ తెలిసినప్పుడు, ఎవరూ పైకి అనలేదు గానీ అందరూ నా వంకే చూశారు. నేనూ నా వంకే చూసుకున్నాను — నిలువుటద్దంలో, ఎవరూ లేనప్పుడు.

వారం తిరిగేసరికి మేనేజరు గోడకి జాబితా అతికించాడు. చివరి పేరు చెల్లెలిది.

అందరికంటే ముందు నేనే కౌగిలించుకున్నాను. దాని భుజం మీదుగా ఆ జాబితాను మళ్ళీ చదివాను. అక్షరాలు మారలేదు.

కడుపుమంట అంటారు. నాకు మంటేమీ తెలియలేదు. చెమ్మ తెలిసింది. వాన పట్టిన గోడలా... లోపల్లోపలే ఉబ్బుతుంది. పైన సున్నం తెల్లగానే ఉంటుంది.

పెట్టె బరువు ఇరవైమూడు కిలోలు దాటకూడదు.

మేజోళ్ళు తొమ్మిది జతలు. పెట్టాను. జ్వరం మాత్రలు. పెట్టాను. సుద్దముక్కలు, టేపు, సూదుల డబ్బీ. పెట్టాను. పసుపు గౌను దగ్గర ఆగాను. తెర వెనక పనిచేసేవాళ్ళం నల్లబట్టలే వేసుకోవాలి కదా, ఇదెందుకు అన్నాను.

"ఆదివారాలు ఊరు చూడొద్దా అక్కా?" అంది.

ఆదివారాలు.

ఇన్నాళ్ళూ అది అక్కడ చేయబోయే పనికే కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఆదివారాలు కూడా చేరాయి. తెలియని వీధులు. తెలియని చెట్ల కింద పసుపు గౌను...

మడతపెట్టాను. కాస్త నలిగేలాగే మడతపెట్టాను.

ఇక మిగిలింది కోటు.

బూడిదరంగు ఉన్ని కోటు. పదకొండేళ్ళ కిందట కూడా ఇలాగే ప్రయాణం అన్నారు. అక్కడి చలికి ఉంటుందని నా కొలతలకి నేనే కుట్టుకున్నాను. కాజాలన్నీ చేత్తో. తరవాత ప్రయాణం ఆగిపోయింది. కోటు ఒక్కసారైనా వీధి మొహం చూడలేదు.

చెల్లెలు తొడుక్కుంది. అతికినట్టు సరిపోయింది. మా ఇద్దరివీ ఒకే భుజాలు.

అద్దం ముందు గిర్రున తిరిగింది. కోటు అంచు గాల్లో లేచింది.

"బరువెక్కువ. రెండు కిలోలుంటుంది. వదిలెయ్," అన్నాను.

అది వెళ్ళే మొదటి ఊళ్ళో మంచు పడుతోందని నాకు తెలుసు. రోజూ ఫోన్లో చూస్తున్నాను — అక్కడ ఎంత చలిగా ఉందో — నేనే వెళుతున్నట్టు. ఒక్క సాయంత్రం అది వణకాలనుకున్నాను. ఎంత అందమైన ఊరైనా సరే, అక్కడి చలి దాన్ని ఒక్కసారి కొరకాలి.

"నీ ఇష్టం అక్కా. నీకు తెలుసుగా," అంది. విప్పి నా చేతికిచ్చింది.

అంత తేలిగ్గా.

కోటు బీరువాలో పెట్టి తలుపు వేశాను. వాన పెద్దదైంది. పెట్టెను త్రాసు కొక్కేనికి తగిలించి తూచాం. ఇరవైఒకటి. రెండు కిలోలు ఖాళీ. ఇద్దరం ఆ ముల్లు వంకే చూశాం.

అప్పుడు చెప్పింది. నా మొహం చూడకుండా, పెట్టె జిప్పు లాగుతూ, వదులుతూ.

"మేనేజరు మొదట నీ గురించే అడిగాడక్కా. నీకు మోకాళ్ళ నొప్పులని, అంత దూరం తిరగలేవని... నేనే చెప్పాను."

వాన. లేచి కిటికీ మూశాను.

నొప్పులున్న మాట నిజమే. దానికి తప్ప ఎవరికీ తెలియదు. మందు రాసేది అదే.

ఎందుకు చెప్పావని అడగలేదు. అదే బల్ల, అదే కిటికీ, ఆరేళ్ళు. అక్క కుట్టు అద్భుతం, చెల్లెలూ పరవాలేదు... ఆరేళ్ళు వింది. దాని గోడలోనూ చెమ్మ ఉంది. నేను తడిమి చూడలేదు, అంతే.

అరవాలనిపించింది. పెట్టెను తలకిందులుగా కుమ్మరించాలనిపించింది.

బీరువా తెరిచి కోటు తీశాను.

మడతపెట్టి పెట్టాను. ఈసారి ముడత పడకుండా.

అది వద్దంది. నేను వినిపించుకోలేదు. క్షమించానని అనుకుంటుందేమో, అనుకోనీ. అది నా కోటే వేసుకు తిరగాలి. ప్రతి ఊళ్ళో. ప్రతి ఆదివారం. పసుపు గౌను పైన నా కాజాలు, నా గుండీలు... మెడ చుట్టూ నేను.

ఇరవైమూడు. ముల్లు సరిగ్గా ఆగింది.

అది ఏడ్చింది. నేను తల నిమరలేదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చాను.

ఐదింటికి టాక్సీ వచ్చింది. మాది లిఫ్టు లేని ఇల్లు. మూడో అంతస్తు.

"నేను పట్టుకుంటానక్కా, నీ మోకాళ్ళు—"

"నా మోకాళ్ళకేం? బాగానే ఉన్నాయి."

పెట్టె ఎత్తాను.

ఒక మెట్టు. ఇంకో మెట్టు. ఇంకోటి...

రెండో అంతస్తు దగ్గర ఎడమ మోకాలు ఇక చాలంది. పంటి బిగువున దిగాను. ఎక్కడా ఆగలేదు. వెనక దాని అడుగులు — నేనొకటి వేస్తే అదొకటి. నన్ను దాటే ప్రయత్నం చేయలేదు.

డ్రైవరు చేయి చాచాడు. ఇవ్వలేదు. డిక్కీలో నేనే పెట్టాను. మూత నేనే వేశాను.

అది కారెక్కింది. అద్దం దించింది. ఏదో అనబోయింది...

కారు కదిలింది.

వీధి మలుపు దాకా చూశాను. తరవాత వెనక్కి తిరిగాను.

ఎదురుగా మూడంతస్తుల మెట్లు. పైకి.

మొదటి మెట్టు మీదే కూలబడ్డాను.