అయ్యగారు దిద్దిన సాక్ష్యం

అయ్యగారిని ఒక్క మాటంటే ఆ చర్చి సంఘంలో వాళ్లు మీదపడి రక్కుతారు. పాతికేళ్లుగా వాళ్లకు ఆయనే కాపరి. కాకపోతే ఆయనకొక చాదస్తం ఉంది. ఆదివారం ఎవరైనా సాక్ష్యం చెప్పాలంటే శనివారమే వచ్చి తనకు వినిపించాలి. అందులోనూ న్యాయం లేకపోలేదు. మైకు చేతికిస్తే కొందరు దేవుడు చేసిన మేలు చెప్పబోయి ఆడపడుచు చేసిన కీడంతా ఏకరువు పెట్టేవాళ్లు.

చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే ఆవిడను అందరూ గుండీలక్క అంటారు. మూడేళ్ల క్రితం ఆమె మెడమీద గడ్డ లేచింది. వైద్యం జరిగింది, సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది, గడ్డ కరిగింది. ఆ శనివారం ఆమె వచ్చి అయ్యగారి ముందు నిలబడింది.

"ప్రస్తుతానికి తగ్గిందని డాక్టరుగారు చెప్పారండీ. మూడు నెలలకోసారి చూపించుకోమన్నారు."

"ప్రస్తుతానికేంటమ్మా? దేవుడు అరకొరగా బాగుచేస్తాడా? ఆ మాట తీసెయ్. పూర్తిగా తగ్గిందని చెప్పు."

ఆమె తీసేసింది. ఆ సాక్ష్యానికి ఎంత పేరొచ్చిందంటే చుట్టుపక్కల సంఘాలవాళ్లు కూడా పిలిచి చెప్పించుకున్నారు. ఆమె చెబుతుంటే అయ్యగారు పక్కనే కూర్చుని పొంగిపోయేవాడు. ఆ పొంగులో దేవుడి వాటా ఎంతో, తన వాటా ఎంతో ఆయన ఎన్నడూ చూసుకోలేదు.

ఈ మంగళవారం మధ్యాహ్నం గుండీలక్క కూతురు ఆయన గదిలోకి వచ్చింది. వందనాలు కూడా చెప్పలేదు.

"అమ్మ ఆస్పత్రిలో ఉందండీ. గడ్డ మళ్లీ వచ్చి ఎనిమిది నెలలైందట. మెడకు గుడ్డ చుట్టుకుని తిరిగింది. ఫ్యాక్టరీలో చలేస్తోందంటే నమ్మేశాను. ఇప్పుడు చెయ్యడానికేం లేదు, రేపో మాపో అంటున్నారు."

"నీక్కూడా ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆ మాట మీరే అడగండి."

ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం. ఆయన్ను చూసి గుండీలక్క లేవబోయి లేవలేకపోయింది. ముందు ఆమే మాట్లాడింది. గొంతు బొంగురుపోయింది.

"క్షమించండి అయ్యగారూ, దాచేశాను. ఆస్పత్రికెళ్తే మనవాళ్లెవరైనా చూస్తారు కదండీ. అంతమంది ముందు పూర్తిగా అని చెప్పినదాన్ని. దేవుడికి చెడ్డపేరు, మీకూ చెడ్డపేరు. నా విశ్వాసమే చాల్లేదేమోనండీ. ఎవరికీ చెప్పకండి, సాక్ష్యం పాడవుతుంది."

అయ్యగారి గుండె చెరువైంది. దేవుడి ముందు నిజం చెప్పమని ఎందరినో బతిమాలిన మనిషి, ఈమె నోట ఉన్న నిజాన్ని తానే తీయించేశాడు. ఆ సంగతి ఇప్పుడే చెప్పాలి. లోటు తనలోనే ఉందనుకుంటూ ఆమె పోకూడదు.

స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ముఖంలోకి చూడలేక తల దించుకుని కళ్లు మూసుకున్నాడు.

"తప్పంతా నాది," అన్నాడు. "పేరుకు ఆశపడ్డాను. నావల్లే ఇంత జరిగింది. నన్ను క్షమించు."

ఇంకా చెప్పబోయి ఏడ్చాడు.

"ఆమేన్," అని వినిపించింది.

కళ్లు తెరిచాడు. గుండీలక్క దుప్పటి అంచు తలమీదికి లాక్కుని, రెండు చేతులూ జోడించి, భక్తిగా కళ్లు మూసుకుని ఉంది.

"కాదమ్మా, నేను ప్రార్థన చెయ్యలేదు. నీతోనే..."

"మీరెప్పుడూ ఇంతే అయ్యగారూ," అంది ఆమె కళ్లు తెరవకుండానే. మందు మత్తుకు మాట ముద్దగా వస్తోంది. "మా తప్పులన్నీ మీమీద వేసుకుని అడుగుతారు."

అయ్యగారు ఆమెను పిలిచాడు. భుజం తట్టి పిలిచాడు. నర్సు వద్దన్నా పిలిచాడు. బుధవారం పొద్దున ఆమె ఊపిరి ఆగేదాకా ఆ స్టూలు దిగలేదు. గుండీలక్క మళ్లీ కళ్లు తెరవలేదు.