దేవరాజులు కొడుకు మునెయ్య

మా పక్క పేర్లకు ఎంత కరువో తెలియాలంటే, సోమలలో బస్సు దిగి "మునీ" అని ఒక్క కేక వేయండి. సగం వీధి తిరిగి చూస్తుంది. నేనూ చూస్తాను, నా పేరు మునీశ్వరి. మా ఆయన తాత దేవరాజులుకు పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఇక పుట్టే మగబిడ్డలందరికీ నీ పేరే పెడతానని మునీశ్వరుడికి మొక్కుకున్నాడట. దేవుడు మాట నిలబెట్టుకున్నాడు, ఈయనా నిలబెట్టుకున్నాడు. ఇద్దరు కొడుకులు దక్కారు, ఇద్దరూ మునెయ్యలే. ఇంట్లో పెద్దోడు, చిన్నోడు. కాగితాల్లో మాత్రం పెద్దా లేదు, చిన్నా లేదు. ఇద్దరూ దేవరాజులు కొడుకు మునెయ్య.

ఆ మొక్కు మా ఇద్దరత్తల కొంప ముంచింది.

పెళ్ళిళ్ళయిన కొత్తలో అన్నదమ్ములిద్దరూ కన్నడ దేశంలో ఒక రాతి క్వారీకి పనికి పోయారు. ఒకనాడు బండ జారింది. కొందరు కూలీలు పోయారు, మిగిలినవాళ్ళు భయపడి చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. దేవరాజులు కొడుకు మునెయ్య చనిపోయాడు, అక్కడే పూడ్చేశారని ఇంటికి కబురొచ్చింది. ముసలాయన పడుతూ లేస్తూ పోయి అడిగితే, ఏ మునెయ్యో చెప్పగలిగినవాడు అక్కడ ఒక్కడూ లేడు. రెండో మునెయ్య తిరిగి రానే లేదు.

అప్పుడు పెద్దమనుషులు కూర్చున్నారు. చిన్న కోడలు గోవిందమ్మ చంకలో నెలల పిల్లాడు, ఇప్పుడు మా ఆయన ముద్దుకృష్ణ. పెద్ద కోడలు చౌడమ్మకు బిడ్డా పాపా లేరు. పోయింది పెద్దోడే అనుకుంటే నష్టం తక్కువ అని తేల్చారు. నష్టం తక్కువట! ఆ మాటన్న పెద్దమనుషులందరూ మట్టిలో కలిసిపోయారు గానీ, లేకపోతే ఇంటింటికీ పోయి కడిగేసి వచ్చేదాన్ని. ఇరవై ఏళ్ళు నిండని పిల్లకు గాజులు పగలగొట్టి, తాళి తెంచి, మూల కూర్చోబెట్టారు.

నేను కోడలిగా వచ్చేసరికి అది పాత కథ. సీమంతం జరిగినా, గాజులు తొడిగినా చిన్నత్తకు పిలుపు వచ్చేది. పెద్దత్త ఆవుల దగ్గర ఉండిపోయేది. మా ఆయనను పెంచింది ఆమె చేతులే, అయినా నాకు తాళి కట్టే వేళకు తలుపు వెనక నిలబడింది. చిన్నత్త ఏనాడూ ఆమెను ఒక మాట అనలేదు. అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. పొద్దున్నే తూర్పుకు తిరిగి బొట్టు పెట్టుకుని, యాడున్నా సల్లగా ఉండనీ అనేది. కళ్ళల్లో పొరలు వచ్చి చూపు ఆనకపోయినా, నుదురు తడుముకుని సరిగ్గా పెట్టుకునేది.

2004 ఎండాకాలం. మా ఆయన టమోటాలు వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయిన రోజు, చేతిసంచీతో ఒక మనిషి మా వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, దేవరాజులు కొడుకు మునెయ్య ఇల్లు ఇదేనా?"

"ఏ మునెయ్యప్పా?" అన్నాను అలవాటుగా.

"అది తెలుసుకుందామనే వచ్చినా. నా పేరు వెంకటముని. కుప్పం దగ్గర శాంతిపురం మాది. మా నాయన మునెయ్య పోయిన నెల చచ్చిపాయ. ఈ పక్క నుంచి వచ్చినాడని, వాళ్ళ నాయన దేవరాజులని తప్ప మాకు ఏమీ తెలీదు. ఏడాది లోపల చెల్లెలి పెండ్లి చెయ్యల్ల. ఇంటి దేవుడెవురు, మీ వాళ్ళెవురు అని అడగతాండారు. మదనపల్లెలో విచారించినా. ఓటర్ల లిస్టు పట్టుకోని పుంగనూరంతా తిరిగినా. ఇల్లు ఇడిసిపోయిన మునెయ్యలు ఇద్దురు తేలినారు గానీ వాళ్ళు మా నాయన కాదు. ఇది మూడో ఇల్లు."

అరుగు మీద చిన్నత్త చింతపండు గింజలు తీస్తోంది. ఆమె చేయి ఆగిపోయింది. చూపు లేకపోయినా ఆమెకు లెక్క నాకంటే ముందే తెలిసింది. ఈ పోయినాయన చిన్నోడైతే, ఆమె మొగుడు పోయిన నెల పోయాడు. పెద్దోడైతే, అప్పుడు బండ కింద పడింది చిన్నోడే. ఎటు తిరిగినా ఆమె బొట్టు పోతుంది. పెద్దత్తకు పోవడానికి ఏమీ మిగల్లేదు.

"ఫోటో ఉందా నాయినా?" అంటూ పెద్దత్త పేడ చేతులు కడుక్కుని వచ్చింది.

సంచీలోంచి తీసిచ్చాడు. నెత్తికి తువ్వాలు చుట్టుకున్న ముసలాయన. పెద్దత్త దాన్ని వెలుగులోకి తీసుకుపోయి చూసింది. చాలాసేపు చూసింది. చిన్నత్త చేయి తాళి మీద ఉంది.

"ఈయప్ప మా ఇంటి మనిషి కాదు నాయినా" అంది పెద్దత్త.

"సరింగా సూడు అక్కా. ఆయన కాదు గదా?" చిన్నత్త అరుగు మీద నుంచే అడిగింది.

"కాదు గోవిందూ. చిన్నోడూ కాదు, పెద్దోడూ కాదు. ఎవురో ఏమో."

చిన్నత్త మునీశ్వరా అని తాళి కళ్ళకద్దుకుంది. నేను కూడా ఒక దండం పెట్టుకున్నాను. వెంకటముని మాత్రం అలాగే కూలబడ్డాడు. పాపం, అంత దూరం తిరిగినవాడు. పెద్దత్త అతన్ని లోపల కూర్చోబెట్టి సంగటి, పులుసు వడ్డించింది. నేను నీళ్ళ చెంబు పెట్టి పక్కన నిలబడ్డాను.

"ఏం జబ్బు నాయినా మీ నాయనకు?" అని అడిగింది పెద్దత్త.

"ఊపిరి ఆడలేదమ్మా. రాళ్ళ దుమ్ము. బతుకంతా అదే పని."

"కష్టపడినాడా పోయేటప్పుడు?"

"శానా."

ఆమె సంగటి ముద్ద ఇంకొకటి పెట్టింది. "తన వాళ్ళను ఎవురినన్నా తలుచుకున్నాడా?"

"ఎప్పుడడిగినా అందురూ పోయినారు అనేవాడు. మా అమ్మను చేసుకోకముందు తనకు పెండ్లే కాలేదన్నాడు."

"తిను నాయినా" అంది పెద్దత్త. పులుసు పోస్తూ, "ఈ పక్క మునెయ్యలందరికీ ఇంటి దేవుడు మునీశ్వరుడే. పెండ్లికి ముందు మీ చేలో ఒక రాయి నిలబెట్టి, పసుపు పూసి, పొంగలి పెట్టుకోండి. తప్పు లేదు. నా మాటగా చెప్పు మీ అమ్మకు" అంది.

అతను ఆమె కాళ్ళకు దండం పెట్టి, మధ్యాహ్నం బస్సుకు పోయాడు. చిన్నత్త మళ్ళీ చింతపండు ముందేసుకుంది. నేను పెరట్లోకి పోతే, పెద్దత్త నీళ్ళ తొట్టి పక్క బండ మీద జుట్టు విరబోసుకుని కూర్చుంది.

"తలకు నీళ్ళు పొయ్యి మునీశ్వరీ."

"ఈ యాళప్పుడు తలకేంది పెద్దత్తా?"

"మొగుడు పోయినాడే" అంది, ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా.

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియక ఆమె మీదే అరిచాను, అరుగు దాకా వినపడకుండా.

"అయితే ఇన్నేండ్లూ నీ మొగుడు బతికే ఉండాడు! ఉత్తపుణ్యానికి నిన్ను మూలేసినారు. నా పెండ్లిలో తలుపు ఎనక నిలబెట్టినారు. ఇప్పుడన్నా నోరు తెరిచి చెప్పు!"

"చెప్తే నాకేమొస్తాది? ఆయప్ప రాడు. దాని బొట్టు పోతాది."

"ఇంకో పెండ్లి చేసుకోని, నీతో పెండ్లే కాలేదన్నాడు. నీకు కడుపు మండలేదా?"

"మండింది. మండకుండా ఎట్లుంటాది?" ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "తమ్ముణ్ణి పనికి పిలుచుకోని పోయింది ఆయప్పే. వాణ్ణి పోగొట్టుకోని ఏ మొగం పెట్టుకోని వస్తాడు? నన్ను లేదన్నాడంట. నేనూ ఆయప్పను లేదన్నా. సరిపాయ."

సరిపోలేదు. ఆమె భుజాలు ఎగిసిపడుతున్నాయి, గొంతు మాత్రం బయటికి రావడం లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"అప్పుడు నీళ్ళు పోసుకునింది గోవిందు మొగునికి" అంది. "ఈ నీళ్ళు నా మొగునికి. పొయ్యే."

పోశాను. నీళ్ళ చప్పుడు విని అరుగు మీద నుంచి చిన్నత్త కేకేసింది.

"అక్కా, తలకు పోసుకుంటాండావా?"

"ఉడుకమ్మా, ఉడుకు."

"ఆ పిల్లోని నాయన ఎవురో పాపం. ఆయప్ప పెండ్లాం ఎంత ఏడస్తాండాదో ఏమో."

"ఏడస్తానే ఉంటాదిలే గోవిందూ" అంది పెద్దత్త.

నేను ఇంకో చెంబు పోశాను.