చెక్కా, స్టిక్కరా?

పై ఫ్లాట్ వాళ్ల వాషింగ్ మెషిన్ పైపు ఊడి నీళ్లన్నీ మా హాల్లోకి దిగిన రోజు, మా ఆవిడ మొట్టమొదట అన్న మాట, "హమ్మయ్య, ఇన్సూరెన్స్ ఉంది."

ఉంది. గోడలు, స్లాబు, లిఫ్టు అసోసియేషన్ పాలసీలోకి వస్తాయి. గోడల మధ్యన ఉన్నదంతా మా పాలసీలోకి వస్తుంది. అంటే ఫ్లోరింగ్ మాదే. క్లెయిమ్ రాకపోతే కొత్తది వేయించుకునే స్తోమత మాత్రం లేదు.

పాలసీ తీసుకున్నప్పుడు ఫారంలో నేలకి ఏం వేయించారని అడిగితే, "చెక్కలా కనిపించే స్టిక్కర్" అని బుద్ధిగా రాశాను. మా ఆవిడ బిల్డింగంతా "అసలు టేకు" అని చెప్పుకుంది. ఏడాదిగా మా ఇంటికొచ్చేవాళ్లు మునివేళ్ల మీద నడుస్తున్నారు. పై ఫ్లాట్ ఆంటీ అయితే ఆ కుళ్లుతో మొగుడితో మూణ్నెల్లు మాట్లాడలేదట.

నష్టం చూడ్డానికి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు. వెనకాలే ఆంటీ కూడా దిగింది.

"నా వల్లే కదమ్మా జరిగింది, చూడకపోతే ఎలా?"

నీళ్లకి ఒక మూల స్టిక్కర్ కుక్క చెవిలా పైకి లేచింది. మా ఆవిడ దాని మీద కాలేసి నిలబడింది.

సర్వేయర్ కాగితం తిరగేశాడు. "స్టిక్కర్ అని ఉంది. అంతేగా సార్?"

నేను నోరు తెరిచాను. ఆంటీ కళ్లు పెద్దవి చేసింది.

"స్టిక్కరేంటండీ! అసలు టేకు," అంది మా ఆవిడ.

"అయ్యో, అయితే కష్టం మేడం. పాలసీలో టేకు లేదు. స్టిక్కరైతే ఇవాళే పాస్ చేసేసేవాణ్ణి." మంచివాడు, పెన్ను గాల్లోనే ఆపాడు. "ఇంకోసారి గుర్తు తెచ్చుకోండి."

"ఏవండీ, మీరు చెప్పండి," అంటూ ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుకి ఏ పాలసీలోనూ కవరేజీ ఉండదు.

"టేకే," అన్నాను.

"సరే, ఆ కాలు కాస్త తీస్తే ఫోటో తీసుకుంటా మేడం."

"బెణికింది. కదపలేను."

"బెణుకు కూడా పాలసీలో లేదు మేడం," అని క్లెయిమ్ కొట్టేసి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

ఆంటీ వెళ్లలేదు. సోఫాలో సర్దుకుని కూర్చుంది.

"అసలు టేకు! నా ప్రాణం ఉసూరుమంటోందే అమ్మాయ్. కాసేపు నీకు తోడుంటాలే. కాస్త కాఫీ పెడతావా?"

కాఫీ నేను పెట్టాను. మా ఆవిడ నిలబడే తాగింది.