వంటగది దాకా పాట

పెళ్లిచూపుల్లో నా పాట విని పురుషోత్తం, "ఎంత మెత్తటి గొంతండీ, పక్కగదిలోకి కూడా వినపడదు" అన్నారు. దాన్ని మెచ్చుకోలు అనుకుని ఎనిమిదేళ్లు మురిసిపోయాను. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది, ఎందుకంటే నేను పాటలు కట్టేది అప్పుడే. సింగపూర్ బిషాన్‌లో పదమూడో అంతస్తు ఫ్లాటు, కిటికీ బయట వెదురు గడలకి ఆరేసిన బట్టలు, వారానికి ఆరు చొక్కాలు. మా అమ్మమ్మ దంపుడు పాటల వరసలో, పెదాల మీదే మాటలు అల్లుకునేదాన్ని. "గుమ్మం బయటికి వినిపించనీయకమ్మా, ఇరుగుపొరుగు ఏమనుకుంటారు" అని కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు అన్నారు. ఇక్కడ ఇరుగున చైనావాళ్లు, పొరుగున మలయ్‌వాళ్లు. నా పాటలో ఒక్క ముక్క వాళ్లకి అర్థం కాదు. అయినా గొంతు నొక్కుకునే పాడాను.

ఏటా ఉగాదికి మా చుట్టుపక్కల తెలుగువాళ్లం ఒక హాలు అద్దెకి తీసుకుంటాం. కంప్యూటరు ఉద్యోగాల మీద వచ్చిన మాలాంటి కొత్తవాళ్లూ, ఎప్పటినుంచో ఇక్కడున్నవాళ్లూ అందరూ వస్తారు. ఢోలక్ ఒక్కటి పక్కన పెట్టుకుని నేను సొంత పాటలు రెండు పాడతాను. ముందు వరసలో మా సంఘం అధ్యక్షులు జనార్ధనరావుగారు కళ్లు మూసుకుని తల ఊపుతారు. "మట్టి వాసన, నళినిగారూ" అంటారు. మట్టిని ఆయన చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారో నాకు తెలీదు.

పోయిన ఏడాది భోజనాలయ్యాక రత్నమ్మ ఆంటీ పక్కన నిలబడి గిన్నెలు తోముతున్నాను. ఆవిడ మలేషియాలో పుట్టిన తెలుగావిడ, మా పండగలకి గారెలన్నీ ఆవిడ చేతివే. "నా పాట ఎలా ఉంది ఆంటీ?" అని గారంగా అడిగాను.

"నీ పాట నేనెప్పుడు ఇన్నానమ్మా? నాలుగేళ్లుగా నూనె కాడే గదా నేనుండేది. చప్పట్లు ఇనిపిస్తాయి. ఓహో, అమ్మాయి పాడేసింది, ఇంక మకాన్‌కి లేస్తారు, బువ్వ వడ్డించాల, అనుకుంటా."

నిష్ఠూరంగా అనలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాకే సిగ్గేసింది. నేను కట్టేవన్నీ వంటింటి పాటలు, వినేది కుర్చీల్లో కూర్చున్నవాళ్లు. వంటగదిలో ఉన్న ఆరుగురు ఆడవాళ్లకి ఒక్క చరణం చేరలేదు. ఆ పూటే మైకు పెంచి చూశాం. కీచుమంది తప్ప వంటగది ఫ్యాన్ల హోరు దాటలేదు.

రత్నమ్మ ఆంటీ కూతురు శర్మిల బ్యాంకులో పనిచేస్తుంది, శని ఆదివారాలు స్నేహితులతో బ్యాండులో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది. "నా బ్యాండుతో ట్రై చేయండి అక్కా. ట్యూన్ సేమ్ లా, సౌండ్ మాత్రం పెద్దది" అంది, ఇక్కడివాళ్ల ‘లా’ ఒకటి మాటలో తగిలించి. అద్దె ప్రాక్టీసు గదిలో మొదటి రోజు డ్రమ్స్ మోగగానే రోకటి పోటు గుండెల్లో పడ్డట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది. అమ్మమ్మ ఎప్పుడూ మెత్తగా పాడలేదు. రోకళ్ల చప్పుడు మీద నుంచి, అవతల దంచే ఆవిడకి అందేలా అరిచి పాడేది. ఆ పాటని మెత్తబరిచింది నేనే, ముందు వరస కోసం. ఆ సాయంత్రం గొంతు బొంగురుపోయింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

విషయం జనార్ధనరావుగారి దాకా వెళ్లింది. "జానపదానికి కరెంటు పెడతారా? ఢోలక్‌తో అయితేనే పాడమనండి, లేకపోతే ఆ పావుగంట ఇంకొకరికి ఇద్దాం" అన్నారట. కార్యక్రమాలు చూసేది మావారే. "ఆయనకి నేనేం చెప్పాలి నళినీ? ఇన్నాళ్లూ బాగానే పాడావు కదా, ఇప్పుడేమొచ్చింది?" అన్నారు.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాను. "పాడితే ఇలాగే పాడతాను. వద్దంటే వెళ్లి గారెలు వేస్తాను, వేదిక ఎవరికైనా ఇచ్చుకోండి" అన్నాను. నా మాట పక్కగదిలోకే కాదు, లిఫ్టు దాకా వినిపించి ఉంటుంది.

ఆయన పండగ పొద్దున శర్మిల ఆంప్లిఫయరు తానే మోసి టాక్సీలో పెట్టారు. అధ్యక్షుల వారికి ఏమీ చెప్పలేదని తర్వాత తెలిసింది. ఆ మోసిన బరువుకి ఆయన్ని ఈరోజుకీ మనసులో తలుచుకుంటాను.

"పదమూడో అంతస్తున ఆరేసిన చీరా,
గాలొచ్చి అడిగింది నీది ఏ ఊరనీ."

గిటారు అందుకోగానే ముందు వరసలో ఇద్దరు చెవులు మూసుకున్నారు, ఒకరు లేచి వెళ్లిపోయారు. జనార్ధనరావుగారు కళ్లు మాత్రం మూసుకోలేదు. నేను వాళ్లని చూడటం మానేసి, హాలు చివర వంటగది తలుపు వైపు చూస్తూ పాడాను. తలుపు మూసే ఉంది. లోపలికి చేరిందో లేదో తెలీకుండానే రెండు పాటలూ అయిపోయాయి. చప్పట్లు పలచగా పడ్డాయి.

భోజనాల దగ్గర జనార్ధనరావుగారు తన ప్లేటులో గారెని అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక పక్కంతా నల్లగా ఉంది. "ఏంటి రత్నమ్మగారూ, ఎప్పుడూ లేనిది గారెలు మాడ్చారు?"

ఆవిడ జల్లిగరిటె పట్టుకుని నిలబడింది.

"పాట ఇంటన్నానయ్యా" అంది.

నేను ప్లేటు ముందుకి చాపి, బాగా మాడినది ఒకటి అడిగి వేయించుకున్నాను. చివరి ముక్క దాకా తిన్నాను.